దేవుడిచ్చిన కాళ్లు: రోజుకు ఎంత నడవాలి?

“మాకెందుకండీ వాకింగు? అది పట్నంలో కుర్చీలో కూర్చుని ఉద్యోగాలు చేసేవాళ్లకు గదా! పల్లెటూరి వాళ్లం, మాకు రోజంతా నడకే.” ఆరోగ్యాన్ని గురించి సంఘాలలో మాట వచ్చినప్పుడల్లా మేము వినే జవాబు ఇది. మన తల్లిదండ్రుల కాలంలో ఈ మాట అక్షరాలా నిజం. నేడు అది ఎంతవరకు నిజమో ప్రతి కుటుంబమూ కూర్చుని ఆలోచించుకోవలసిన సమయం వచ్చింది.

వేమూరు ప్రాంతాన్నే తీసుకుందాం. తెనాలికీ రేపల్లెకూ మధ్య, కృష్ణా కాలువల నీటితో పండే పల్లపు నేల ఇది. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లాలో చేరేదాకా గుంటూరు జిల్లాలో ఉండేది. రెండు తరాల క్రిందట ఇక్కడ నారు పీకడం మొదలుకొని ధాన్యం ఇంటికి చేరేదాకా ప్రతి పనీ మనుషుల చేతుల మీద, కాళ్ల మీద జరిగేది. నాట్లు, కలుపు, కోత, కుప్ప, నూర్పిడి, అన్నీ ఒళ్లు వంచి చేసిన పనులే. ఆడవాళ్లు చెరువు నుంచి బిందెలతో నీళ్లు మోసేవారు. రోటిలో పిండి రుబ్బేవారు, తిరగలి త్రిప్పేవారు, కట్టెలు ఏరి తెచ్చేవారు. రేపల్లె పాసింజరు ఎక్కాలన్నా స్టేషను దాకా నడకే. పిల్లలు పుస్తకాల సంచీ తగిలించుకొని ప్రక్క ఊరి హైస్కూలుకు నడిచేవారు. ఉపదేశులు, బైబిలు స్త్రీలు పొలం గట్ల మీదుగా ఒక పల్లె నుంచి మరొక పల్లెకు నడిచి సువార్త చెప్పేవారు.

ఇప్పుడో? దుక్కి ట్రాక్టరు దున్నుతున్నది. చాలాచోట్ల నాట్లు మాని విత్తనాలు వెదజల్లుతున్నారు. వరికోత యంత్రం చేలోకి దిగితే కోత, నూర్పిడి కలిసి పూర్తవుతున్నాయి. ఇంటి ముందుకు కుళాయి వచ్చింది. వంటింట్లోకి గ్యాసు, మిక్సీ, గ్రైండరు వచ్చాయి. పొలం దాకా మోటారు సైకిలు, బడికి ఆటో, గుడికి కూడా మోటారు సైకిలే. ఇవి చెడ్డవని మేము అనడం లేదు. మన తల్లుల నడుములు విరిచిన చాకిరీ తగ్గినందుకు దేవునికి స్తోత్రం చెప్పవలసిందే. కాని ఆ చాకిరీతో పాటు మన ఒంటికి కావలసిన కదలిక కూడా వెళ్లిపోయింది. దానిని ఎవరూ గమనించలేదు.

పని మారింది, కంచం మారలేదు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సంవత్సరపు లెక్కలు చూడండి. 65 కిలోల బరువున్న పురుషుడు కూర్చుని చేసే పనిలో ఉంటే రోజుకు 2,110 కేలరీల ఆహారం చాలు. అదే మనిషి కాయకష్టం చేస్తే 3,470 కేలరీలు కావాలి. 55 కిలోల స్త్రీకి కూర్చునే పనిలో 1,660, కాయకష్టంలో 2,720 కావాలి. పురుషుని విషయంలో రెండింటికీ తేడా 1,360 కేలరీలు. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు ఉంటాయి గనుక, ఈ తేడా దాదాపు 400 గ్రాముల బియ్యంతో సమానం.

అంటే నాగలి పట్టిన తాతగారికి సరిపోయిన అన్నాన్ని మోటారు సైకిలు మీద తిరిగే మనుమడు కూడా తింటే, ప్రతి రోజూ ఆ మిగులు ఎక్కడికో పోవాలి. అది పొట్ట చుట్టూ కొవ్వుగా చేరుతుంది. క్రమేణా చక్కెర జబ్బుకు, రక్తపోటుకు దారి తీస్తుంది.

ఇందులో మరొక సంగతి దాచకూడదు. ఒక అరగంట వడిగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120 నుంచి 140 కేలరీలు. అది ఒక గుప్పెడు బియ్యానికి సమానం, అంతకంటే ఎక్కువ కాదు. కాబట్టి “ప్రొద్దున నడిచాను గదా” అని మధ్యాహ్నం రెండు పూటల అన్నం ఒక పూట తింటే లాభం లేదు. నడకా కావాలి, కంచంలో అన్నం తగ్గి పప్పు, ఆకుకూర, కూరగాయలు పెరగడమూ కావాలి.

గోదావరి పల్లెలు చెప్పిన నిజం

గుండె జబ్బు, పక్షవాతం పట్నవాసుల జబ్బులని మనం చాలాకాలం అనుకున్నాం. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 పల్లెలలో సంభవించిన మరణాలను ఒక పరిశోధక బృందం ఒక్కొక్కటిగా విచారించింది. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అని దాని పేరు. మొత్తం 1,354 మరణాలలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల కలిగినవే. అంటువ్యాధుల వల్ల కలిగినవి 12 శాతం మాత్రమే. ఆ పల్లెలు మన పల్లెల వంటివే. కాలువ నీరు, వరి పొలాలు, మూడు పూటలా అన్నం. అక్కడ జరిగింది ఇక్కడ జరగదని ధైర్యంగా ఎవరు చెప్పగలరు?

ఒంటికి తగినంత శ్రమ లేనివారు మన దేశంలో ఎందరున్నారో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో ప్రకటించారు. 2000 సంవత్సరంలో పెద్దవారిలో 22 శాతం మంది అలా ఉండగా, 2022 నాటికి 49 శాతానికి చేరారు. పురుషులలో 42 శాతం, స్త్రీలలో 57 శాతం. స్త్రీల అంకె ఎక్కువగా ఉన్న సంగతి గుర్తుంచుకోండి, దాని మాట క్రింద చెప్పుకుందాం.

ఇంటి పెద్దకు 45 ఏళ్లకు పక్షవాతం వస్తే మంచం పట్టేది ఆయన ఒక్కరే కాదు. భార్య కూలి మానుకోవాలి. పిల్ల చదువు ఆగుతుంది. ఆసుపత్రి ఖర్చుకు అప్పు చేయాలి. అందుచేత ఇది ఒక్క మనిషి ఒంటి సంగతి కాదు, కుటుంబమంతటి సంగతి.

నడక లోపల ఏమి చేస్తుంది?

మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. దానిని ఎక్కువగా వాడుకునేవి కండరాలు. కాళ్ల కండరాలు మన ఒంట్లో కెల్లా పెద్దవి. అవి కదులుతున్నప్పుడు రక్తంలోని చక్కెరను తమలోకి లాక్కుంటాయి. కదలకుండా కూర్చుంటే ఆ చక్కెర రక్తంలోనే ఎక్కువసేపు నిలిచిపోతుంది. భోజనం చేసిన వెంటనే మంచమెక్కక, పది పదిహేను నిమిషాలు వాకిట్లో అటూ ఇటూ నడిచినా చక్కెర తక్కువగా పెరుగుతుంది. రోజూ నడిచేవారి గుండె తక్కువ శ్రమతో ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. రక్తపోటు కొంత తగ్గుతుంది. నిద్ర బాగా పడుతుంది. మనసులోని దిగులు కూడా తేలికపడుతుంది.

దీనికి పాత సాక్ష్యం ఒకటి ఉన్నది. 1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండను నగరంలోని బస్సు డ్రైవర్లను, కండక్టర్లను పోల్చి చూశాడు. ఇద్దరూ పని చేసేది ఒకే బస్సులో. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు రెండంతస్తుల బస్సు మెట్లు ఎక్కుతూ దిగుతూ టిక్కెట్లు కోస్తాడు. గుండెపోటు డ్రైవర్లకే ఎక్కువగా వచ్చినట్లు తేలింది.

మనకు దగ్గరలోని సాక్ష్యం మదరాసు నుంచి వచ్చింది. డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం చక్కెర జబ్బు అంచున ఉన్న 531 మందిని దాదాపు మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహాతో సరిపెట్టుకున్నవారిలో నూటికి 55 మందికి జబ్బు వచ్చింది. రోజుకు అరగంట నడక, ఆహార నియమం పాటించమని చెప్పి వెంటబడి గుర్తు చేసినవారిలో 39 మందికి వచ్చింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినవారిలోనూ ఇంచుమించు అంతే, 40 మంది. అంటే నూటికి 16 మందిని నడక, ఆహార నియమం ఆ మూడేళ్లలో జబ్బు నుంచి తప్పించాయి. అది కూడా మన వంటి అన్నం తినేవారిలోనే.

ఇంతకూ ఎంత నడవాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ఇది. పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ చేయాలి. అంటే వారానికి ఐదు రోజులు, రోజుకు కనీసం అరగంట వడి నడక. పరుగు వంటి గట్టి శ్రమ అయితే 75 నుంచి 150 నిమిషాలు చాలు. అరగంట ఒకే దఫాగా కుదరకపోతే ఉదయం పది నిమిషాలు, మధ్యాహ్నం పది, రాత్రి భోజనం తరువాత పది నిమిషాలు నడిచినా లెక్కకు వస్తుంది.

వడి నడక అంటే ఏమిటి? దానికి యంత్రం అక్కరలేదు. నడుస్తూ ప్రక్కవారితో మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. నడుస్తూ కీర్తన పూర్తిగా పాడగలుగుతున్నారంటే ఇంకాస్త వడి పెంచాలన్న మాట. కీర్తన నడక అయిపోయాక పాడుకోవచ్చు! మరొక కొలత రోడ్డు ప్రక్కనున్న కిలోమీటరు రాయి. ఒక రాయి నుంచి మరొక రాయికి 12 నిమిషాలలో చేరితే మంచి వడి. అలా అరగంటలో రెండున్నర కిలోమీటర్లు అవుతుంది.

సెల్ ఫోనులో అడుగులు లెక్కపెట్టుకునే యువకులు “పదివేలు కాకపోతే ప్రయోజనం లేదట” అంటుంటారు. ఆ అంకె ఏ వైద్యుడి నోటి నుంచీ వచ్చింది కాదు. 1965లో జపానులో అడుగులు కొలిచే పరికరం ఒకటి అమ్మకానికి వచ్చింది. దాని పేరుకు ‘పదివేల అడుగుల కొలమానం’ అని అర్థం. ఆ పేరే లోకమంతా పాకింది. అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న స్త్రీలను పరిశీలించి 2019లో ప్రకటించిన ఫలితాలలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 అడుగులు వేసేవారిలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. సుమారు 7,500 అడుగులు దాటాక అదనపు మేలు కనిపించలేదు. అనేక అధ్యయనాలను కలిపి 2025లో చేసిన మరొక పరిశీలన కూడా పెద్దవారికి 7,000 అడుగులు మంచి గురి అని తేల్చింది. కాబట్టి పదివేలు చేయలేమని ఇంట్లో కూర్చోవద్దు. ఇప్పుడున్న దానికి వెయ్యి అడుగులు కలిపినా మేలే.

నడకతో పాటు వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని కూడా ఉండాలి. కుర్చీలో నుంచి చేతుల ఊతం లేకుండా పది సార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కు నెట్టుకోవడం, మునివ్రేళ్ల మీద లేచి దిగడం, ఇంత చాలు. 65 ఏళ్లు దాటినవారు వారానికి మూడు రోజులు గుమ్మం పట్టుకొని ఒంటికాలి మీద కొద్దిసేపు నిలబడడం అలవాటు చేసుకుంటే స్నానాల గదిలో జారిపడే ప్రమాదం తగ్గుతుంది. బడి పిల్లలకు సగటున రోజుకు గంటసేపు ఆట, పరుగు కావాలి. సాయంత్రం ట్యూషను పేరుతో ఆ గంటను లాక్కోవద్దని తల్లిదండ్రులకు మా మనవి.

కూలి పని చేసేవారి మాట

మన సంఘాలలో చాలామంది ఇప్పటికీ రెక్కల కష్టం మీద బ్రతికేవారే. పొద్దున్నుంచి కలుపు తీసి వచ్చిన అక్కను సాయంత్రం మళ్లీ వాకింగుకు వెళ్లమనడం న్యాయం కాదు. పైన చెప్పిన మదరాసు అధ్యయనంలో కూడా అప్పటికే కాయకష్టం చేస్తున్నవారికి ఆ పనినే కొనసాగించమని చెప్పారు. అటువంటివారికి కావలసినది కడుపు నిండా మంచి తిండి, నీళ్లు, విశ్రాంతి, వంగిన నడుమును చాచుకోవడానికి కొద్ది నిమిషాలు.

అయితే పొలం పనులు సంవత్సరమంతా ఉండవు. మినుము తీత అయిపోయాక, వేసవిలో, పని లేని వారాలు వస్తాయి. ఆ వారాలలో తిండి మామూలుగా సాగుతుంది, కదలిక ఆగిపోతుంది. నడక అవసరమయ్యేది అప్పుడే. అలాగే పొలం మాని ఆటో నడుపుకొనేవారు, కుట్టు మిషను ముందు కూర్చునేవారు, దుకాణం పెట్టుకున్నవారు, తాము ఇంకా కష్టజీవులమేనని అనుకోవచ్చు. మనసుకు శ్రమ ఉండవచ్చు, ఒంటికి లేదు. ప్రేమతో చెబుతున్నాం, మోటారు సైకిలు మీద పది కూటములకు తిరిగి, ప్రతి ఇంట టీ త్రాగవలసి వచ్చే మన పాస్టరుగార్లు కూడా ఈ జాబితాలో ఉన్నారు.

స్త్రీలకు వీలెక్కడ?

మన స్త్రీలలో సగానికి పైగా తగినంత కదలిక లేనివారు కావడానికి కారణం బద్ధకం కాదు. తెల్లవారగానే పొయ్యి, పిల్లల క్యారేజీలు, పశువులు, అత్తగారి మందులు. రోజంతా పనే, కాని ఎక్కువ భాగం నిలబడో కూర్చునో చేసేది. పోనీ తీరిక చేసుకొని రోడ్డు మీదకు వెళితే, “ఏం వదినా, పనేం లేదా, ఊరు కొలుస్తున్నావా?” అనే మాటలు.

దీనికి రెండు మార్గాలున్నాయి. మొదటిది ఇంట్లో మొదలవ్వాలి. భార్య నడిచివచ్చే ఆ అరగంట భర్త పొయ్యి చూసుకోవాలి, పిల్లలకు స్నానం చేయించాలి. భార్యను ప్రేమించడమంటే పండుగకు చీర కొనడం ఒక్కటే కాదు గదా. రెండవది సంఘంలో మొదలవ్వాలి. ఒంటరిగా నడిచే స్త్రీని నలుగురూ నవ్వుతారు, నలుగురు స్త్రీలు కలిసి నడిస్తే ఎవరూ నవ్వరు. స్త్రీల సమాజంలో ఇద్దరు ముగ్గురు పూనుకొని వేకువ ప్రార్థన అయిన వెంటనే నడవవచ్చు. రోడ్డు మీద ఇబ్బందిగా ఉంటే గుడి ఆవరణ చుట్టూనే తిరగవచ్చు. గుడి గేటు ఉదయం ఒక గంట తెరిచి ఉంచడానికి సంఘ పెద్దలకు పైసా ఖర్చు లేదు.

కొన్ని జాగ్రత్తలు

నడుస్తుండగా ఛాతీ బిగబట్టినట్లున్నా, ఎడమ చేయి, దవడ లాగినా, మామూలు కంటే ఎక్కువ ఆయాసం వచ్చినా వెంటనే ఆగిపోవాలి. ఆలస్యం చేయక 108కి ఫోను చేయాలి. గ్యాసు నొప్పి అని సోడా త్రాగి పడుకోకూడదు.

గుండె జబ్బు ఉన్నవారు, చాలాకాలంగా కదలకుండా ఉన్నవారు డాక్టరును అడిగి, మొదట పది నిమిషాలతో ప్రారంభించి వారం వారం పెంచాలి. చక్కెరకు ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడేవారు పరగడుపున ఎక్కువ దూరం వెళ్లవద్దు. కళ్లు తిరిగితే వేసుకోవడానికి జేబులో కొంచెం పంచదార ఉంచుకోవాలి. వారికి అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది గనుక చెప్పులు లేకుండా నడవరాదు. వెనుక పట్టీ ఉన్న చెప్పులు గాని బూట్లు గాని మంచివి. రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్లు చూసుకోవాలి.

వేసవిలో ఉదయం ఏడు గంటల లోపే నడక ముగించాలి. చలికాలపు మంచులో రోడ్డు మీద వాహనాలు మనలను చూడలేవు. తెల్లని బట్టలు వేసుకొని, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా రోడ్డుకు కుడి ప్రక్కన నడవాలి. చీకటిలో కాలువ గట్టు మీదకు వెళితే టార్చిలైటు తప్పనిసరి, పాములు తిరిగే చోటు.

30 ఏళ్లు దాటిన ప్రతివారూ సంవత్సరానికి ఒకసారైనా రక్తపోటు, చక్కెర చూపించుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఇవి ఉచితంగా చేస్తారు. మీ ఊరి ఏఎన్ఎం అమ్మను, ఆశా కార్యకర్తను అడగండి. మందులు వాడుతున్నవారు నడక మొదలుపెట్టామని మందులు మానకూడదు.

భక్తికి ఇది అడ్డమా?

“శరీర సాధన వలన కొద్ది మేలే గదా, పౌలు తిమోతికి అలా వ్రాశాడు గదా” అని కొందరు విశ్వాసులు అంటారు. 1 తిమోతి 4:8 మరొకసారి చదవండి. అపొస్తలుడు మేలు లేదనలేదు. ఇహమందును పరమందును పనికివచ్చే భక్తితో పోల్చినప్పుడు అది చిన్నదన్నాడు. ఆ మాట వ్రాసిన పౌలు ఎటువంటివాడు? అపొస్తలుల కార్యములు 20:13లో తోటివారందరూ అస్సుకు ఓడ ఎక్కగా, ఆయన మాత్రం కాలినడకన వెళ్లడానికి ఇష్టపడ్డాడు. మన ప్రభువు కూడా గలిలయ నుంచి యెరూషలేము దాకా దుమ్ము రోడ్ల మీద నడిచినవాడే. పునరుత్థానుడైన తరువాత ఎమ్మాయు మార్గములో దిగులుతో ఉన్న ఇద్దరిని కలిసి, వారితో పాటు నడుస్తూనే లేఖనాలు వివరించాడు.

మన దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని 1 కొరింథీయులకు 6:19 బోధిస్తున్నది. క్రిస్మసుకు గుడికి సున్నం వేయిస్తాం, కారుతున్న కప్పు బాగుచేయిస్తాం. దేవుడే కట్టిన ఈ ఆలయానికి రోజుకు అరగంట ఇవ్వలేమా?

కాబట్టి ప్రియ పాఠకులారా, ఈ నెలలో ఒక చిన్న తీర్మానం చేసుకుందాం. నడవగలిగిన దూరంలో గుడి ఉన్న ప్రతి కుటుంబమూ ఆదివారం నాడు బండి ఇంట్లో పెట్టి, పిల్లల చేయి పట్టుకొని నడిచి ఆరాధనకు వెళ్లాలి. దారిలో కనిపించిన పొరుగువారిని పలకరించాలి, మంచాన ఉన్న ముసలమ్మను చూసి రావాలి. మిగిలిన రోజులలో ఐదు రోజులు, అరగంట చొప్పున, భార్యాభర్తలు గాని స్నేహితులు గాని కలిసి నడవాలి. మన పెద్దలు సువార్త కోసం ఈ గట్ల మీద నడిచారు. వారు మనకు అప్పగించిన పిల్లలను, సంఘాన్ని చాలాకాలం సేవించగలిగే ఆరోగ్యం కోసం మనం నడుద్దాం. అందుకు కావలసిన బుద్ధిని, క్రమశిక్షణను ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.